నాలుగో చోటు

గొడుగాయన మీద నా కోపం నిన్నమొన్నటిది కాదు. ఎండయినా వానయినా, రెండూ లేని మబ్బు రోజయినా, ఆఖరికి ఇంట్లో సోఫాలో కూర్చున్నా చేతిలోంచి గొడుగు వదలని మనిషి. అది విప్పగా చూసినవాడు లేడు. దాని మొన ఎదుటివాళ్ల తప్పులు చూపించడానికి మాత్రమే. కొలతల ఆఫీసులో ముప్ఫై ఏళ్లు గీతలు గీసి, బయటికొచ్చిన మర్నాడే మా వీధి సంఘానికి కార్యదర్శి అయి కూర్చున్నాడు. నేను నా గుమ్మం ముందు కూర్చుని రాయి చెక్కుతుంటే దుమ్ము లేస్తోందని నాకు మూడు కాగితాలు పంపింది ఆయనే. జవాబివ్వకుండా ఉండటమే నా జవాబనుకున్నాను. చివరికి ఆ మనిషే నాకు వియ్యంకుడు కాబోతున్నాడన్న కబురు దగ్గర పోయిన వారం ఆగాం.

ఆ కబురు విన్నాక మూడు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు మా అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, నువ్వు మాట్లాడకపోయినా నేను అతన్నే చేసుకుంటాను. మాట్లాడితే సంతోషంగా చేసుకుంటాను" అంది.

అలా అడిగితే ఏ తండ్రి ఏమంటాడు? సరేనన్నాను.

వచ్చే ఆదివారం నిశ్చితార్థం. దానికి ముందు బుధవారం పొద్దున ఫోటోలు. కొండల మీదా సముద్రం ఒడ్డునా కాదు, మా వీధిలోనే తీయించుకుంటామన్నారు పిల్లలిద్దరూ. వాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నదీ, మాట్లాడుకున్నదీ, పోట్లాడి మొహాలు తిప్పుకున్నదీ అంతా ఈ వీధిలో నడుస్తూనే అట. నాకు అభ్యంతరం లేదు. నేను పెట్టిన షరతు ఒక్కటే. ఒక ఫోటో మా గుమ్మం ముందు తీయాలి, అందులో వాళ్ల పక్కన నేను నిలబడాలి. మిగిలిన ఫోటోల్లో ఎవరు ఎవరి భుజం మీద వాలినా నాకు పట్టదు.

మా వీధిలోకి బళ్లు రావు. రెండు పక్కలా రెండంతస్తుల పాత ఇళ్లు, కిటికీల కింద పూలకుండీలు, మధ్యలో నేను పరిచిన రాళ్లు. సెలవు రోజు వస్తే చాలు, ఎక్కడెక్కడి జంటలో దిగిపోయి మా గోడలకి ఆనుకుని, మా మెట్ల మీద కూర్చుని ఫోటోలు తీయించుకుంటారు. ఎంత ముచ్చటైన వీధో అంటారు. వీధి దానంతటదే ముచ్చటగా పుడుతుందా? పంతొమ్మిదేళ్ల కింద ఇక్కడ మోకాలి లోతు గుంతలు. వీధిని నడిచేవాళ్లకే వదలాలని అందరూ అనుకున్నాక, ఒక్కో రాయీ నేనే చెక్కి, నేనే దించి, రసమట్టం పెట్టి చూసి, చెక్క సుత్తితో కొట్టి కూర్చోబెట్టాను. వాళ్ల ఫోటోల్లో సగం నా రాళ్లే. ఒక్కడూ కిందికి చూడడు.

నిన్న శనివారం పొద్దున ఫోటోలమ్మాయి వచ్చింది. బుధవారం ఎక్కడ నిలబడాలో, ఏ వేళకి వెలుతురు ఎటు పడుతుందో ముందే నడిచి చూసుకోవాలట. ఆమె చేతిలో ఒక అట్ట, అట్ట మీద కాగితం, కాగితం మీద ఐదు చోట్లు. నేనూ బయల్దేరాను. మా ఆవిడ మాత్రం అమ్మాయి బట్టలు ఇస్త్రీ చేయాలని పైనే ఉండిపోయింది. వియ్యంకుడు తర్వాత వస్తానన్నాడట. రాకపోయినా నాకు దిగులు లేదు.

మొదటి చోటు వీధి మొదట్లో ఉన్న కమాను. రెండోది దర్జీ కొట్టు పైన పూల తీగలు వేలాడే వసారా కింద. అక్కడ ఫోటోలమ్మాయి మా అమ్మాయి కాళ్ల వైపు చూసి, "అక్కా, ఎత్తు చెప్పులు వద్దేమో. రాళ్ల సందుల్లో మడమ దిగబడుతుంది" అంది.

"ఏ సందులో?" అన్నాను.

"మామూలుగా అన్నానంకుల్."

"మామూలుగా అనకు. వేలు పెట్టి చూపించు. నా సందుల్లో చీమ నడవాలన్నా పక్కకి తిరిగి నడవాలి."

అల్లుడు కాబోయేవాడు నవ్వాడు. నవ్వడం తప్పేమోనని గుర్తొచ్చి దగ్గాడు. మంచివాడే, చెప్పొద్దూ. తండ్రి పోలిక ముక్కు వరకే.

"నాన్నా, చెప్పులు ఇంట్లో ఉన్నాయి, ఇప్పుడే వేసుకొచ్చి నీ రాళ్ల మీద గెంతమంటావా?" అంది అమ్మాయి.

"గెంతు. నాకేం భయం?"

మూడో చోటు నీళ్ల కొళాయి దగ్గర. పొద్దున ఏడున్నరకి అక్కడ గోడ మీద ఎండ పడి బంగారంలా ఉంటుందట. రాసుకుంది. నాలుగో చోటు మా గుమ్మం. నేను ముందే వెళ్లి మెట్టు పక్కన నిలబడి చొక్కా సర్దుకున్నాను. నేను రోజూ కూర్చుని రాయి చెక్కుకునే చోటు అది. మోకాళ్లు పాడయ్యాక పైకెక్కి కట్టే పనులు మానేశాను. మెట్లకీ కిటికీ చట్టాలకీ రాళ్లు చెక్కి ఇవ్వడమే నాకు మిగిలిన పని. దానికి నాకున్న కార్ఖానా మా గోడ ముందున్న ఆ కాస్త జాగా.

ఫోటోలమ్మాయి అటూ ఇటూ తిరిగి, ఒక కన్ను మూసి చూసి, "ఇక్కడ చాలా బాగొస్తుందంకుల్. తలుపు రంగు, మెట్టు, మీ పనిముట్లు... అన్నీ ఉంచేయండి" అంది.

నాకు ఆ పిల్ల మీద ఒక్కసారిగా గౌరవం పెరిగింది.

"కానీ దీనికి అనుమతి కాగితం ఇంకా నా చేతికి రాలేదు. మిగిలిన నాలుగింటికీ వచ్చేశాయి" అంది.

"ఎవరి అనుమతి?"

"సంఘం వాళ్లదంకుల్."

"నా గుమ్మం ముందు నా కూతురు నిలబడటానికి సంఘం అనుమతా?"

"గుమ్మానికి అక్కర్లేదు. మెట్టు మీద నిలబడితే ఎవరూ ఏమనరు. మెట్టు కింద నుంచి వీధి కదా."

"మెట్టు కింద నుంచి వీధి అని నీకెవరు చెప్పారమ్మా?"

ఆమె అట్ట మీద రెండో కాగితం తిప్పి చూపించింది. సంఘం అచ్చు వేయించిన వీధి పటం. ఫోటోలకి అద్దెకిచ్చే జాగాలన్నీ పసుపు రంగులో ఉన్నాయి. మా ఇంటి గోడ నల్ల గీత. ఆ గీతకి ఆనుకుని, మధ్యలో వెంట్రుక దూరం కూడా లేకుండా, పసుపు.

"వచ్చే నెల నుంచి ఇక్కడ మూల మీది కాఫీ కొట్టు వాళ్ల కుర్చీలు కూడా వేస్తారటంకుల్. అందుకే ఈలోపే తీసేసుకోవడం మంచిది" అంది, నాకు మేలు చెప్తున్నట్టు.

కాఫీ కొట్టు కుర్చీలు! నా గోడకి వీపు పెట్టి ఎవడో కాఫీ తాగుతాడు, నేను ఎక్కడ కూర్చుని రాయి చెక్కాలి? వాడి ఒళ్లోనా?

"ఈ పటం తప్పు," అన్నాను. "ఈ గోడ నుంచి ముందుకి కొంత జాగా మాది. కొన్నప్పుడు ఇక్కడ చెక్క వసారా ఉండేది. పుచ్చిపోతే నేనే పీకేశాను. హద్దు ఎక్కడుందో రాళ్లే చెప్తాయి. కిందికి చూడు."

కిందికి చూడమన్నది నేనే. చూసింది కూడా ముందు నేనే. నిలబెట్టిన రాళ్ల వరస మా గోడకే ఆనుకుని ఉంది.

మా పనిలో ఒక పద్ధతుంది. వీధి రాళ్లన్నీ పొడుగ్గా, నడక దారిన పడుకోబెడతాం. వీధి అయిపోయి ఇంటి జాగా మొదలయ్యే చోట మాత్రం ఒక్క వరస అడ్డంగా, అంచు మీద నిలబెట్టి పాతుతాం. దాన్ని హద్దు వరస అంటాం. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. పనివాడు ఎవడొచ్చినా ఆ వరస చూసి ఇటు వీధి, అటు ఇల్లు అని తెలుసుకుంటాడు. మా వరసలో తొమ్మిది ఇళ్లు. ఎనిమిదింటికి గోడే హద్దు. మా ఇంటికి మాత్రం ఆ వసారా జాగా వీధిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది.

పంతొమ్మిదేళ్ల కింద ఈ చివర మేకు కొట్టి, ఆ చివర మేకు కొట్టి తాడు లాగాను. తాడు వీణ తీగలా నిలబడింది. మా ఇంటి దగ్గరికొచ్చేసరికి వరస బయటికి తిరగాలి, మూల కట్టాలి, ముందుకి నడవాలి, మళ్లీ మూల కట్టి లోపలికి రావాలి. కళ్ల ముందు పెట్టుకుని చూశాను. నవ్వుతున్న నోట్లో ఒక్క పన్ను బయటికి పొడుచుకొచ్చినట్టుంది. వీధి మొత్తం మీద వంకర అదొక్కటే, అదీ మేస్త్రీ ఇంటి ముందు! రేపు చూసినవాడేమంటాడు? ఇంత సూటిగా కట్టిన చేతులు సొంత ఇంటి దగ్గర ఆశకి పోయాయంటాడు. తాడు కదల్చలేదు. హద్దు వరస మా గోడ వెంటే నిలబెట్టేశాను. ముందున్న నా జాగాలో నా సొంత రాళ్లే, వీధి రాళ్లలాగే పడుకోబెట్టి కలిపేశాను. అతుకు ఎక్కడుందో ఇప్పటికీ నాకు తప్ప ఎవరికీ కనబడదు.

అంత బాగా కలిపాను.

"మావయ్యా, కూర్చుంటారా?" అన్నాడు అబ్బాయి. నా మొహం ఎలా ఉందో నాకేం తెలుసు?

"ఎక్కడ కూర్చోను? మీ నాన్న కుర్చీలు వచ్చే నెలకి గానీ రావటగా."

సరిగ్గా అప్పుడే గొడుగాయన వచ్చాడు. గొడుగు మొనతో నా రాళ్లని ఒక్కొక్కటిగా టకటకా తడుతూ, కుశలం అడుగుతున్నట్టు నడిచొచ్చాడు.

"బావగారూ! పిల్లలకంటే మీరే ముందు ఫోటోకి తయారైపోయినట్టున్నారే!"

"ఫోటో సంగతి తర్వాత బావగారూ. ఈ పసుపు రంగేంటో చెప్పండి."

ఆయన పటం వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఇన్నాళ్లూ ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నవాడిలా గొడుగు రెండు చేతుల కిందా నిలబెట్టుకున్నాడు.

"అది వీధి జాగా."

"అది నా జాగా."

"పదేళ్ల కింద మేం వీధంతా కొలిచాం. గుర్తుందా? కొలిచింది నేనే. అప్పట్లో మనకి చుట్టరికం లేదు కాబట్టి చెప్తున్నాను, ఒక్క అంగుళం ఎవరికీ ఎక్కువ రాయలేదు, తక్కువ రాయలేదు."

"నాకు తక్కువ రాశారు."

"నేను రాయలేదు బావగారూ. మీ రాయి రాసింది." గొడుగు మొనతో హద్దు వరసని తాకాడు. "ఇది హద్దు వరసా కాదా?"

"వరసే. కానీ..."

"పరిచింది మీరా, నేనా?"

"మీ ఆఫీసులో మా దస్తావేజు లేదా? అందులో కొలత లేదా?"

"ఉంది. చూశాను."

"చూసి?"

"చూసి ఆశ్చర్యపోయాను. కాగితం ఒకటి చెప్తోంది, రాయి ఇంకోటి చెప్తోంది. మేస్త్రీ తన చేత్తో తనే వరస లోపలికి పెట్టుకున్నాడంటే, జాగా వీధికి వదిలేశాడన్నమాటేగా! ఎంత మంచి మనసో అనుకున్నాను. ఆ రోజే మీ మీద నాకు గౌరవం కలిగింది."

"నాన్నా, ఇప్పుడు ఇదంతా అవసరమా?" అన్నాడు అబ్బాయి.

"నువ్వు ఈ గొడుగు పట్టుకో" అని కొడుక్కి ఇవ్వబోయి, మళ్లీ మనసొప్పక తనే పట్టుకున్నాడు.

నేను ఒక అడుగు ముందుకేశాను. "గౌరవం కలిగితే మనిషి ఏం చేస్తాడు బావగారూ? తలుపు కొడతాడు. రోజూ ఈ గుమ్మం ముందు నుంచే కదా ఆఫీసుకి వెళ్లేవారు. అయ్యా మేస్త్రీ, ఈ జాగా వదిలేశావా, లేక మతిమరుపా అని ఒక్క మాట. దానికి మీ నోరు అరిగిపోతుందా?"

"అడగకుండా ఉంటామా? నోటీసు అంటించాం. అభ్యంతరం ఉంటే ముప్ఫై రోజుల్లో చెప్పండని."

"ఎక్కడ అంటించారు?"

"కొళాయి పక్కన. దాన్ని పదిమందికీ చదివి వినిపించింది మీరేనట కదా?"

నా చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు. ఎందుకంటే అది నిజం. నేను చదివింది ఐదో తరగతి. వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాను. ఆ రోజు కొళాయి దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లంతా ఉండగా నోటీసు చదివాను. అంకెల పట్టికలు నాకెందుకు? పైన ఒక్క ముక్క కనబడింది: "ప్రస్తుతం నేల మీద గల హద్దు వరస ప్రకారం." నా వరస! ఆఫీసు వాళ్లు గొలుసులు, యంత్రాలు పక్కన పడేసి నా రాళ్లని కొలబద్దగా పెట్టుకున్నారు! ఛాతీ ఉప్పొంగిపోయింది. చూశారా, చదువుకున్నవాళ్లు కూడా నా చేతి పనినే నమ్మారని ఆ పూట కనబడినవాడికల్లా చెప్పాను. దర్జీ ఏదో సందేహం పడి అభ్యంతరం రాస్తానంటే, నా రాళ్ల మీదే అనుమానమా అని వాడి మీద అరిచి ఆపేశాను.

పదేళ్లు ఆ గర్వంతోనే బతికాను. ఆ గర్వం మీద ఈయన పసుపు రంగు పులిమాడు.

"సరే," అన్నాను. "తప్పు నాదే. సూటి కోసం తప్పు చేశాను. మీరు చేసింది మాత్రం తప్పు కాదు బావగారూ, అది వేరే. తప్పు చేసినవాడికి తను చేసింది తెలీదు. మీకు ఆ రోజే తెలుసు."

ఆయన మొహంలో రంగు మారింది. చుట్టూ కిటికీలు తెరుచుకుంటున్నాయి. దర్జీ సూది నోట్లో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"నాన్నా, నెమ్మదిగా" అంది అమ్మాయి. ఎనిమిది రోజుల్లో ఈ గొడుగు ఉన్న ఇంటికి కోడలని నలుగురిలో ఒప్పుకోవాల్సిన పిల్ల.

గొడుగాయన గొంతు తగ్గించాడు. "కుర్రాళ్ల ముందు మనకి గొడవెందుకు? ఫోటో కావాలి, అంతే కదా. అనుమతి నేనే తెచ్చాను. డబ్బు కూడా కట్టక్కర్లేదు, చుట్టాలం." జేబులోంచి సగానికి మడిచిన కాగితం తీశాడు. "ఇక్కడ ఒక్క సంతకం పెట్టండి."

కాగితం అందుకున్నాను. తక్కువ చదివినవాణ్ని, నెమ్మదిగా చదువుతాను. నెమ్మదిగా చదివేవాడికి మాటలు ఎక్కువ కనబడతాయి. "మా ఇంటి గోడ ముందు గల సంఘం వారి స్థలమును ఫోటోల నిమిత్తము వాడుకొనుటకు అనుమతి కోరుచున్నాము..."

"సంఘం వారి," అని పైకి చదివాను. "ఈ రెండు ముక్కల కోసమేనా మీరు పొద్దున్నే స్నానం చేసి వచ్చింది?"

"మాటవరసకి అలా రాస్తాం."

"మాటవరసకి 'మేస్త్రీ వారి' అని రాయండి మరి. వేలిముద్ర కూడా వేస్తాను."

దర్జీ నోట్లో సూది ఉన్నా నవ్వేశాడు.

"దీని మీద నేను సంతకం పెడితే రేపు ఏ ఆఫీసుకెళ్లి ఏడ్చినా, నువ్వే ఒప్పుకున్నావు కదా అంటారు. నా కూతురి ఫోటో అడ్డం పెట్టుకుని నా చేతే రాయించుకుందామనుకున్నారు. ఈ ఫోటో లేకపోతే మానె. నా ప్రాణం పోయినా దీని మీద మా ఇంటి సంతకం పడదు" అన్నాను. వీధంతా వినబడేలాగే అన్నాను.

గొడుగాయన నా చేతిలో కాగితం తనే తీసుకుని, ఆ మడత విప్పి, మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"మీది సాక్షి సంతకం బావగారూ," అన్నాడు. "ఇంటి సంతకం మొన్ననే పడింది."

మడత కింద సగంలో మా ఆవిడ పేరు. ఆవిడ రాత నాకు తెలీనిది కాదు. గుండీలు కుట్టినట్టు గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా.

అమ్మాయి వైపు చూశాను. "నాకు తెలీదు నాన్నా, ఒట్టు" అంది. దాని మొహం చూస్తే అబద్ధం కాదని తెలుస్తోంది. అబ్బాయి తండ్రి వైపు చూస్తున్నాడు. తండ్రి కమాను వైపు చూస్తున్నాడు.

బయటి మెట్లెక్కి పైకి వెళ్లాను. మోకాళ్ల నొప్పి ఆ పూట గుర్తే లేదు.

మా ఆవిడ కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల వేసుకుని, అమ్మాయి బట్టల అంచు మీద తడి గుడ్డ పరిచి, నెమ్మదిగా ఇస్త్రీ లాగుతోంది. కిటికీ తెరిచే ఉంది. కింద మాట్లాడిందంతా విన్నదన్నమాట. కాగితం బల్ల మీద పెట్టాను.

"ఈ సంతకం నీదేనా?"

"నా పేరు నేను కాక పక్కింటావిడ పెడుతుందా?"

"చదివే పెట్టావా?"

"రెండుసార్లు చదివాను."

"సంఘం వారి స్థలం అని రాసుంది!"

"కనబడింది."

"మన జాగా అది! మనది!"

"నాది," అంది, ఇస్త్రీ ఆపకుండా. "దస్తావేజు నా పేరు మీద ఉంది. బట్టల మిల్లులో పదకొండేళ్లు నిలబడి కూడబెట్టిన డబ్బుతో కొన్న ఇల్లు. మీరు ఊరంతా మన రాళ్లు, మన వీధి అని చెప్పుకుంటుంటే బాగానే ఉందని ఊరుకున్నాను. ఇవాళ కింద నిలబడి నా జాగా, నా జాగా అని ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టుకున్నారా? మా ఆవిడ జాగా అని ఒక్కసారి నోటికొచ్చిందా?"

"ఇప్పుడదా గొడవ?"

"నాకు అదే గొడవ." ఇస్త్రీ పెట్టెని నిలబెట్టింది. "మీరు తాడు లాగిన రోజు నేను ఈ కిటికీలోంచే చూశాను. వరస లోపలికొస్తోందేంటండీ, మన జాగా బయటికి పోతోంది కదా అని అడిగాను. మీరేమన్నారో గుర్తుందా?"

గుర్తుంది. గుర్తు లేదని అందామనుకున్నాను.

"నీకు సూటి అంటే తెలీదు, నోరు మూసుకో అన్నారు. కింద నలుగురు పనివాళ్లు నవ్వారు. ఇంటి యజమానిని నేను. కిటికీ మూసేసుకున్నాను."

నాకు కోపం ఇంకా ఎక్కువైంది. "నేను తప్పు చేస్తే నన్ను తిట్టు, నాలుగు తగిలించు. అంతేగానీ ఆ మనిషికి రాసిస్తావా? నా నోటి దగ్గర కూడు తీసి ఆయన పళ్లెంలో పెడతావా? నేను రేపట్నుంచి ఎక్కడ కూర్చుని పని చేసుకోను?"

"ఊరికే రాసిచ్చాననుకుంటున్నారా?"

"మరి?"

"ఆయన ఈ కాగితం తెచ్చినప్పుడు నేనూ ఒక కాగితం రాసి ముందు పెట్టాను. ఆయన అరగంట చదివాడు. గొడుగు పక్కన పెట్టి మరీ చదివాడు. తర్వాత సంతకం పెట్టాడు." బట్టల కింద పెట్టిన కవరు వైపు చూసింది గానీ దాన్ని తీయలేదు. "అందులో ఏముందో అడగరేం?"

అడగలేదు. పంతొమ్మిదేళ్ల కింద నేను తన మాట వినలేదంది కదా, ఇప్పుడు మాత్రం ఎందుకు వినాలి అనిపించింది. వెధవ బుద్ధి. గూట్లోంచి టేపు తీసుకుని కిందికి దిగాను.

మెట్లు సగం దిగానో లేదో, నా తల మీదుగా కిటికీలోంచి మా ఆవిడ గొంతు వినబడింది.

"బాబూ, నువ్వొకసారి పైకి రా. ఈ జాగాకి బదులు మీ ఇంటి ముందు గది మీ మావయ్య పనికి ఇస్తానని మీ నాన్న సంతకం పెట్టిన కాగితం ఇక్కడుంది. అందులో నీ పేరు కూడా ఉంది."

ఆ మాటకి గొడుగాయన ఉలిక్కిపడటం నేను నా కళ్లతో చూశాను. "ఇప్పుడొద్దు చెల్లెమ్మా! నిశ్చితార్థం అయ్యాక అనుకున్నాం కదా!" అని పైకి అరిచాడు. చేతిలో గొడుగు జారి నా రాళ్ల మీద పడింది. వంగి తీసుకోలేదు. అబ్బాయి ఒకసారి తండ్రి వైపు, ఒకసారి కిటికీ వైపు చూసి, నన్ను తప్పుకుని రెండేసి మెట్లు ఎక్కి పైకి వెళ్లిపోయాడు.

నేను వెనక్కి తిరగలేదు. అమ్మాయి చేతికి టేపు ఒక చివర ఇచ్చి, గోడ మూలకి ఆనించి పట్టుకోమన్నాను. కళ్లు తుడుచుకుంటూనే పట్టుకుంది. నాకు మాత్రమే కనబడే ఆ అతుకు దాకా రెండో చివర లాక్కుంటూ వెళ్లాను. దస్తావేజులో ఏముందో, పటంలో ఏముందో ఎవరికి కావాలి? మొదటిసారి నా చేత్తో నేను కొలిచాను. పొడవు పదమూడడుగుల నాలుగంగుళాలు. వెడల్పు మూడడుగుల తొమ్మిదంగుళాలు. సరిగ్గా యాభై చదరపు అడుగులు.